గన్నేరుకు తాళం

మా ఆయన వెల్డరు. ఆయన కట్టిన గేట్లూ కిటికీ చువ్వలూ చుట్టుపక్కల ఎన్నో ఇళ్ళకి ఉన్నాయి. మొక్కకి జైలు కట్టడం మాత్రం ఆయన జన్మలో అదే మొదటిసారి. ఖైదీ నా గన్నేరు. కట్టమన్నది నేనే. కట్టాక తాళం వేసి, తాళంచెవి తీసుకెళ్ళి, నన్ను దొంగ అన్న మనిషి చేతిలో పెట్టిందీ నేనే. నాకు ముక్కు మీద కోపం అని అందరూ అంటారు. నా ముక్కు, నా కోపం, మధ్యలో వాళ్ళకేం నొప్పో నాకు తెలీదు.

మావి ఒకే ప్రహరీ లోపల వరుసగా ఉన్న ఇళ్ళు. మధ్యలో సిమెంటు వాకిలి, ఒక మూల అందరికీ కలిపి ఒకే నీళ్ళ ట్యాంకు. ఒక్కో గుమ్మం పక్కన మంచమంత మట్టి నేల. మా ముందుగది నా కుట్టు కొట్టు. మిషను కిటికీ దగ్గర వేసుకున్నాను కాబట్టి వాకిట్లో ఎవరు వచ్చినా ఎవరు పోయినా నా కంట పడాల్సిందే.

మిగతా వాళ్ళు ఆ మంచమంత నేలలో గులాబీలు, పచ్చగడ్డి, పందిరెక్కే తీగలు వేసుకున్నారు. నాది చాలాకాలం ఖాళీగానే పడి ఉండేది. లేచింది మొదలు మిషను మీద కూర్చునేదాన్ని, పూటపూటా నీళ్ళడిగే మొక్కని ఎక్కడ పెంచను? ఇంట్లో అడిగేవాళ్ళు చాలరా?

ఒకరోజు దారం రీళ్ళ కోసం వెళ్ళినప్పుడు పెద్దరోడ్డు మధ్యలో డివైడరు మీద దాన్ని చూశాను. అటూ ఇటూ లారీల పొగ. ఇనప రెయిలింగు ముట్టుకుంటే చెయ్యి కాలే ఎండ. చెంబెడు నీళ్ళు పోసిన పాపాన పోయినవాళ్ళు లేరు. అయినా అది నా నడుమెత్తున, గుబురుగా, ఒళ్ళంతా గులాబిరంగు పూలతో నిలబడి ఉంది. భయమూ లేదు, బతిమాలడమూ లేదు. చూడగానే ఇది నా జాతి అనిపించింది.

కొమ్మలు కత్తిరిస్తున్న మనిషిని అడిగితే, "పొట్టి రకం గన్నేరమ్మా. ఇంతకన్నా పెద్దగా ఎదగదు. ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటుంది. పాలు మాత్రం కంట్లో పడనీయకు, నోట్లోకి పోనీయకు," అని ఒక రెమ్మ నా సంచిలో పడేశాడు.

ఆ రెమ్మ సీసాలో నీళ్ళలో వేళ్ళు తొడిగింది. వానల్లో నేలలో నాటాను. మొదటి ఏడాది ఎప్పుడో ఒకసారి, పోసినప్పుడు మాత్రం నిండా పోశాను. తర్వాత అదీ తగ్గించి, ఆఖరికి మానేశాను. రోజూ పైపైన తడిపితే వేళ్ళు పైనే బద్ధకంగా పడి ఉంటాయి. ఆపేస్తే వాటి తిప్పలు అవి పడి లోపలికి దిగుతాయి. ఎండ నేలకి తగలకుండా మొదలు చుట్టూ నా కొట్టులో మిగిలిన నూలుగుడ్డ ముక్కలు పరిచాను. కాంపౌండులో అందరి చొక్కాలూ గౌన్లూ ప్యాంట్లూ తలా ఒక ముక్క నా గన్నేరు కాళ్ళ దగ్గర పడి ఉండేవి. అది చూసినప్పుడల్లా నాకు లోపల్లోపల చెప్పలేనంత ఆనందంగా ఉండేది.

మా అత్తయ్యకి మాత్రం ఆ మొక్క మొదటిరోజు నుంచే గిట్టలేదు.

"గన్నేరంటే విషం. ఎవరైనా గుమ్మంలో విషం పెట్టుకుంటారటే?"

"నోట్లో పెట్టుకుంటేనే కదా అత్తయ్యా విషం. గుమ్మంలో పెట్టుకుంటే పువ్వే."

"మేక కూడా ముట్టదు దాన్ని!"

"మేకకున్న తెలివి మనకీ ఉందిగా. మనమూ ముట్టం."

ఆవిడ మూతి మూడు వంకర్లు తిప్పి లోపలికి పోయేది. ఆరోజు నుంచీ అది 'నీ విషం చెట్టు'. తలుపుకి గాలి కొట్టినా, పాలు పొంగిపోయినా, మా ఆయనకి జలుబు చేసినా కారణం నా విషం చెట్టే. నేను కొమ్మలు కత్తిరించి చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుంటుంటే, "చూశావా, నీకే భయం," అనేది. జాగ్రత్త వేరు, భయం వేరు అని ఎంత చెప్పినా ఆవిడ చెవికెక్కేది కాదు.

ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. బోరు ఎండిపోయింది. ట్యాంకరు వచ్చి పోసిన నీళ్ళే గతి. తలా ఇన్ని బకెట్లని వాటా కట్టుకున్నాం. మొక్కలకి ఒక్క చుక్క కూడా పోయకూడదని సైరన్ గారు వాకిట్లో నిలబడి ప్రకటించారు. సైరన్ గారంటే మా కాంపౌండు పెద్ద. ఏదో ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యారు. గొంతు మాత్రం ఇంకా రిటైరవలేదు. ఆయన పక్కింటి వాళ్ళతో మెల్లిగా చెప్పే రహస్యం కూడా నా మిషను చప్పుడుని దాటుకుని వినిపిస్తుంది.

చెప్పినట్టే అందరూ నీళ్ళు ఆపేశారు. గడ్డి చాపలా అయింది. తీగలు పందిరి మీదే ఎండి వేలాడాయి. గులాబీల టీచరు అని మేం పిలుచుకునే ఎదురింటావిడ గులాబీలు ముళ్ళపుల్లలయ్యాయి. నా గన్నేరు మాత్రం ఎప్పటిలా గుత్తులు గుత్తులుగా పూసింది. ఎండ ముదిరేకొద్దీ ఇంకా పూసింది. నిజం చెప్పాలంటే, దాన్ని చూసి నేను కొంచెం పొగరుగానే తిరిగాను.

మరోపక్క ట్యాంకులో నీళ్ళు ఉండాల్సినదానికన్నా ముందే అడుగంటుతున్నాయి. ఒకరోజు ట్యాంకరు వెళ్ళిపోయాక బకెట్ల దగ్గరే గొడవ మొదలైంది.

"నా గులాబీలు పుల్లలైపోయాయి. ఆవిడ చెట్టు చూడండి, పెళ్ళికి ముస్తాబైనట్టుంది. నీళ్ళు తాగకుండానే?" అంది టీచరు, నా వైపు చూడకుండా.

సైరన్ గారు గొంతు సవరించుకున్నారు. "టైలరమ్మా, నేను ఎవర్నీ ఏమీ అనడం లేదు. అడుగుతున్నానంతే. అందరి వాకిళ్ళూ ఎండుతుంటే నీ ఒక్కదానిదే పచ్చగా ఎలా ఉంది?"

"దాన్నే అడగండి."

"వెటకారం వద్దమ్మా. ట్యాంకు ఖాళీ అవుతోంది. నీళ్ళు ఎటో పోతున్నాయి కదా. దొంగ ఎవరో నేను చెప్పక్కర్లేదు, కళ్ళున్నవాళ్ళకి కనిపిస్తూనే ఉంది."

అందరి కళ్ళూ నా గన్నేరు మీదికి తిరిగాయి. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నేళ్ళుగా వీళ్ళ ఒంటి కొలతలు నా దగ్గరున్నాయి. ఎవరి నడుము ఎంత పెరిగిందో, ఎవరి భుజం ఏ వైపు వంగిందో మూడోకంటికి తెలియనీయకుండా కుట్టిపెట్టినదాన్ని. నన్నా దొంగ అనేది?

"వినండి," అన్నాను. నా గొంతు కూడా ఆరోజు సైరనే. "మా ఆయన చేత దీనికి ఇనప వల కట్టిస్తాను. తాళం వేయిస్తాను. తాళంచెవి మీ దగ్గరే పెట్టుకోండి. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసి, చెయ్యి పెట్టి మట్టి చూసుకోండి. వాన పడేదాకా ఒక్క చుక్క లేకుండా ఇది బతుకుతుంది. మొదట్లో తడి కనిపించిన రోజున నేను దొంగనని ఒప్పుకుని, ఈ చేతులతోనే దీన్ని పీకి పారేస్తాను. కనిపించకపోతే మీరంతా ఆ మాట వెనక్కి తీసుకోవాలి. సరేనా?"

మా అత్తయ్య గుమ్మంలో నిలబడి అంతా వింది. ఆవిడ ముఖంలో ఏముందో నేను చూసే స్థితిలో లేను.

మా ఆయన మాత్రం, "ఇదేం పిచ్చే నీకు?" అన్నాడు.

"పిచ్చేనండి. కన్నాలు పెద్దగా ఉన్న వల వెయ్యండి, ఎండా గాలీ తగలాలి."

ఆయనకి నాతో వాదించి గెలిచిన అనుభవం లేదు. మర్నాటికి పంజరం తయారైంది.

మొదట్లో అంతా బాగానే ఉంది. ఆదివారం ఆదివారం సైరన్ గారు తాళం తీసి, గుడ్డముక్కలు పక్కకి జరిపి, మట్టిలోకి వేలు గుచ్చి, పొడి దుమ్ము దులుపుకుని, ముఖం మాడ్చుకుని వెళ్ళేవారు. నేను మిషను ఆపి మరీ చూసేదాన్ని. ఎండాకాలంలో గన్నేరు అడుగున ఉన్న పాత ఆకుల్ని కొన్నింటిని పసుపు చేసి రాల్చుకుంటుంది. ఈసారీ అలాగే నాలుగు పసుపుపచ్చబడ్డాయి. అత్తయ్య కంగారుగా లోపలికొచ్చింది.

"ఏమే, నీ చెట్టు పసుపెక్కుతోంది."

"పాత ఆకులత్తయ్యా. ముసలివైపోయాయి. రాలిపోతాయిలెండి."

"ముసలివైతే రాలిపోనివ్వడమేనా?"

నేను నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఒక కోటు చెయ్యి సరిచేస్తున్నాను. ఆవిడకేం జవాబు చెప్పానో కూడా గుర్తులేదు. ఆ తర్వాత ఆవిడ రోజూ గుమ్మం మెట్టు మీద కూర్చుని దాన్నే చూస్తూ ఉండేది. చస్తే చూద్దామని కూర్చుందనుకున్నాను. బట్టలు ఆరేసే పని కూడా తనే చేస్తానంది. ఆరేసే తీగ గన్నేరు పక్కనుంచే పోతుంది. వయసు మీద పడ్డాక కోడలి మీద జాలి కలిగిందేమో అని నవ్వుకున్నాను.

ఇంట్లో టీ కెటిల్ మాయమైంది. వెతికితే ఒకరోజు స్నానాలగదిలో దొరికింది, మరోరోజు ప్రహరీ గోడ మీద. అత్తయ్యకి మతిమరుపు మొదలైందని మా ఆయనతో అన్నాను. ఎప్పుడూ లేనిది ఆవిడ ఒంటినిండా పౌడరు కొట్టుకుంటోంది. దగ్గరికొస్తే తుమ్ములు వచ్చేవి. ఈ వయసులో సోకు అని కూడా అన్నాను. నా నోరు అలాంటిది.

గన్నేరు మాత్రం రోజురోజుకీ దిగజారిపోయింది. ఈసారి పాత ఆకులు కాదు, కొసనున్న లేత ఆకులే పసుపెక్కాయి. మొగ్గలు విచ్చకుండానే రాలిపోయాయి. ఎండకి ఇలా కాదే, ఎన్ని ఎండలు చూసింది ఇది! తాళంచెవి నా దగ్గర లేదు. వల బయటినుంచి ఎంత వంగి చూసినా గుడ్డముక్కల కింద ఏముందో కనపడదు. సైరన్ గారిని వెళ్ళి అడగడానికి నాకు నామోషీ.

పొడి దుమ్ము చూసి చూసి విసిగి రెండు మూడు ఆదివారాలు రాని ఆయన, ఆ ఆదివారం వచ్చి తాళం తీశారు. గుడ్డముక్కలు జరిపి చెయ్యి పెట్టారు. చెయ్యి బయటికి తీసేసరికి వేళ్ళకి బురద.

ఆయన అరిచిన అరుపుకి కాంపౌండంతా వాకిట్లోకి వచ్చేసింది. "ఇదేంటి? ఇదేంటమ్మా? చుక్క కూడా పొయ్యనన్నావే!" అని ఆ బురద చేతిని ఒక్కొక్కరి ముఖం ముందూ తిప్పి చూపించారు. టీచరు బుగ్గలు నొక్కుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది. నేను పొయ్యలేదు. కానీ తడి అబద్ధం చెప్పదు కదా.

అప్పుడు నా చూపు గోడ మీదికి పోయింది. కెటిల్ అక్కడే ఉంది. దాని ముక్కు వల కన్నంలో సరిగ్గా పడుతుంది. తీగ మీద తడిబట్టలు, వాటి వెనక ఎవరు నిలబడ్డా కనపడరు. నాకంతా అర్థమైందనుకున్నాను. ఇన్నేళ్ళ విషం చెట్టు పగ ఇలా తీర్చుకుందన్నమాట, నలుగురిలో నన్ను దొంగని చేసి! వెనక్కి తిరిగాను. నా నోటి చివర ఎంత మాట ఉందో నాకే తెలుసు.

అత్తయ్య అప్పటికే మెట్లు దిగి వస్తోంది. గోడ మీది కెటిల్ తీసి సైరన్ గారి కాళ్ళ దగ్గర ఠంగుమని పెట్టింది.

"నేనే పోశాను. నా కోడలికి తెలీదు."

"నీళ్ళెక్కడివండీ మీకు?" అన్నారాయన.

"నా స్నానానివి. నా వాటావి. మీ సొమ్మేం కాదు. తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకుని పౌడరు కొట్టుకుంటున్నాను. కావాలంటే వాసన చూడండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆవిడ అటు తిరిగింది.

"నవ్వండి. ఈ చెట్టు చస్తే మీరంతా నా కోడల్ని దొంగంటారు. దాన్ని నేనంటాను, వందంటాను, వెయ్యంటాను. అది నా కోడలు. మీరెవరు అనడానికి? చెట్టు దాహంతో పసుపెక్కుతోందనుకుని పోశాను. పోసినా తగ్గకపోతే ఇంకాస్త పోశాను. ఇంకా పసుపెక్కితే ఇంకాస్త. దానికేం కావాలో నాకేం తెలుసు? అది నోరు తెరిచి అడుగుతుందా?"

నా నోటి చివర ఉన్న మాట గొంతులోకి జారిపోయింది. ఎండలు మండిపోతుంటే, స్నానం లేకుండా, ఆ పౌడరు వాసనతో నా పక్కనే తిరిగింది ఆవిడ. నేను సోకన్నాను. మతిమరుపన్నాను. మా అత్తయ్య మీద నాకు ప్రేమ ఉందని అంతకుముందు ఎవరైనా అంటే పడీపడీ నవ్వేదాన్ని. ఆ క్షణంలో ఆవిడని పట్టుకుని ఏడవాలనిపించింది. కానీ చుట్టూ ఇంతమంది ఉన్నారు, ఏడవడానికి నా పొగరు ఒప్పుకోలేదు.

"అదంతా సరే," అన్నారు సైరన్ గారు, గొంతు కొంచెం తగ్గించి. "తడి కనిపిస్తే పీకేస్తానంది. అందరం విన్నాం."

"అన్నాను," అన్నాను. చీర కుచ్చిళ్ళు దోపుకుని, చేతులకి గుడ్డ చుట్టుకుని పంజరం దగ్గరికి వెళ్ళాను.

అత్తయ్య నాకన్నా ముందే వెళ్ళి దాని ముందు చతికిలబడింది. "తప్పు నాది, శిక్ష దానికా? నన్ను దాటి పీకు, చూద్దాం."

"లేవండి అత్తయ్యా. మాటంటే మాటే."

"నన్నడిగి ఇచ్చావా మాట?"

మొదటిరోజు నుంచీ దాన్ని పీకమన్న మనిషే ఆవిడ! నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి నాకు. ఆవిడని లేపడానికి వంగి, ఆగి, నిటారుగా నిలబడ్డాను.

"సరే, అందరూ వినండి. ఇందులో పడ్డది మా ఇంటి నీళ్ళు. అందుకని దొంగతనం లేదు. దొంగనని నేను చచ్చినా ఒప్పుకోను. చుక్క పడనివ్వనన్న మాట మాత్రం పోయింది. దానికి శిక్ష నేనే వేస్తాను. దీన్ని మోకాలి కిందికి కొట్టేస్తాను. ఆకు ఉండదు, పువ్వు ఉండదు. తడిసిన గుడ్డలన్నీ తీసేస్తాను. మళ్ళీ తాళం వేసుకోండి. ఈ ఎండల్లో, నీళ్ళు లేకుండా, ఆ మోడు చిగురిస్తే నేను చెప్పింది నిజం. చిగురించకపోతే మీరే వచ్చి పీక్కోండి, నేను గుమ్మం దిగను."

"మోడు చిగురిస్తుందా? నీళ్ళు లేకుండా?" అంది టీచరు.

"చూస్తారుగా."

మా ఆయన ఇనప కత్తెర తెచ్చిచ్చాడు. ఒక్కో కొమ్మా కొట్టాను. తెల్లటి పాలు కారాయి. అత్తయ్య కొంగు నోటికడ్డం పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది. కొట్టిన కొమ్మల్ని ఎవరి చేతికీ అందకుండా మూటకట్టి పారేశాను. నా గుమ్మం పక్కన ఇక మిగిలింది పంజరంలో నాలుగు పుల్లలు. లోపలికెళ్ళి, నా వాటా నీళ్ళ బకెట్టు తీసుకెళ్ళి స్నానాలగదిలో పెట్టి, "వెళ్ళండి, ముందు ఒంటిమీద నీళ్ళు పోసుకోండి," అన్నాను. ఆవిడ వెళ్ళింది. మిషను ముందు కూర్చున్నానే గాని సూదిలో దారం ఎక్కించలేకపోయాను.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. బట్టల కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు ముందు పుల్లల వైపు చూసి, తర్వాత నా వైపు జాలిగా చూసేవారు. ఆ జాలికన్నా దొంగ అన్న మాటే నయం అనిపించేది. అత్తయ్య మెట్టు మీద కాపలా కూర్చుంది. ఈసారి పనే వేరు. తడిచేత్తో ఎవరైనా అటు వెళ్తే చాలు, "ఏయ్, దూరం!" అని గద్దించేది. గ్లాసు పట్టుకుని నడిచే పిల్లల్ని చుట్టుతిప్పి పంపించేది.

మొదట చూసింది ఆవిడే. "అమ్మాయ్, ఇలా రా. ఇలా రా!" అని గుమ్మంలోంచి పిలిచిన పిలుపుకి టేపు మెడలో వేసుకునే పరిగెత్తాను. మోడు పక్కన ఎర్రగా, బియ్యపుగింజంత చిగురు. దాని కింద ఇంకోటి. రెండో పుల్లకీ ఉన్నాయి. వాకిట్లో నిలబడి, "సైరన్ గారూ!" అని కేకపెట్టాను. ఆ పేరుతో ఆయన్ని ముఖాన పిలవడం అదే మొదలు. ఆయన వచ్చారు, తాళం తీశారు, మట్టిలో వేలు గుచ్చారు. పొడి దుమ్ము. చిగురు వైపు చాలాసేపు చూసి, తాళాన్ని జేబులో వేసుకుని, వల తలుపు తెరిచే ఉంచి వెళ్ళిపోయారు.

ట్యాంకు దగ్గర సిమెంటు కింద పైపు పగిలి ఉందని ఆ తర్వాత బయటపడింది. నన్ను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నామని మాత్రం ఎవరూ నోరు విప్పి అనలేదు. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినప్పుడు కొంచెం ఎక్కువగా నవ్వారంతే. నేను నవ్వలేదు. టీచరు ఒక రెమ్మ అడిగింది. "వాన పడ్డాక చూద్దాం," అన్నాను. ఇస్తాను లెండి, కానీ కొన్నాళ్ళు తిప్పించుకుని ఇస్తాను.

వాన ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి విరుచుకుపడింది. కాంపౌండంతా బకెట్లు, గిన్నెలు, తపేలాలు పట్టుకుని బయటికి దూకింది. పిల్లలు గెంతుతున్నారు, పెద్దవాళ్ళు కూడా సిగ్గు విడిచి తడుస్తున్నారు. నేనూ డ్రమ్ము లాక్కొచ్చి చూరు కింద పెట్టాను. తలెత్తి చూస్తే మా అత్తయ్య గన్నేరు పక్కన నిలబడి ఉంది. మా ఆయన పెద్ద నల్లగొడుగు విప్పి పట్టుకుంది. తన నెత్తి మీద కాదు, మూరెడు ఎత్తు ఎదిగిన ఆ కొత్త కొమ్మల మీద. తను మాత్రం నిలువునా తడిసిపోతోంది.

సైరన్ గారు తన గుమ్మంలోంచి అరిచారు. "ఏంటండీ పెద్దావిడా! వాన నీళ్ళు కూడా తాగనివ్వరా దాన్ని?"

ఆవిడ గొడుగు ఇంకాస్త కిందికి దించి, అంతకన్నా గట్టిగా అరిచింది.

"మా గన్నేరు ఎవరి నీళ్ళూ అడగదు!"

వానకి అది హాయిగా తడవచ్చు, దానికేం కాదు అని చెప్పాల్సింది నేనే. చెప్పలేదు. డ్రమ్ము అక్కడే వదిలేసి వెళ్ళి, ఆవిడ పక్కన నిలబడి, గొడుగు రెండోవైపు పట్టుకున్నాను.